చుక్కల చదువుకు ఏమేం కావాలి? ఫిజిక్స్, ఆస్ట్రానమీ ఎమ్మెస్సీ లెక్కలు

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ షాపులో ఒకాయన నన్ను గుర్తుపట్టి ఆపాడు. ఊరు దేవరకొండ అవతల. పక్కన కూతురు, ఆమె చేతిలో ప్లాస్టిక్ కవర్‌లో పెట్టిన మెమోలు. బీఎస్సీ ఎంపీసీ అయిపోయింది. "సార్, మా బిడ్డ చుక్కల సదువు సదువుతనంటున్నది. మనకాడ ఉన్నదా అది? ఏమేం గావాలె?" అన్నాడు.

ఆయన అడిగింది ఒక్క ప్రశ్నలాగే వినిపించింది కానీ అందులో మూడున్నాయి. కోర్సులో చేరడానికి ఏం కావాలి, చేరాక పట్టా చేతికి రావడానికి ఏం కావాలి, ఆ పట్టా రేపు ఎక్కడైనా చెల్లాలంటే ఏం కావాలి. సీపీగెట్, అంటే తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీజన్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే గందరగోళంలో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చేదే. దానికి తోడు ఇప్పుడు 'ఏడాది పీజీ' అనే మాట ఒకటి చేరింది. ఆ జిరాక్స్ షాపులో నిలబడి చెప్పగలిగింది కొంతే. మిగతాది ఇక్కడ.

పట్టా మీద 'ఆస్ట్రానమీ' అని ఉండి తీరాలా?

నల్గొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. అంతకుముందు ఈ జిల్లాల పిల్లలకు పీజీ అంటే ఎక్కువగా ఉస్మానియానే. ఆస్ట్రానమీకి ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నది కూడా ఉస్మానియాలోనే. దేశం మొత్తం మీద పేరులోనే ఖగోళం ఉన్న ఎమ్మెస్సీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. వాటిలో ఐఐటీ ఇండోర్‌ది ఒకటి. మిగతా చోట్ల ఖగోళశాస్త్రం ఫిజిక్స్ ఎమ్మెస్సీ లోపలే, ఒక ఎలక్టివ్ పేపర్‌గానో ప్రాజెక్టుగానో కనిపిస్తుంది.

దీన్ని లోటుగా చూడాలా వద్దా అన్నదానిపై రెండు అభిప్రాయాలున్నాయి. విడిగా ఆస్ట్రానమీ చదివితే నక్షత్రాల నిర్మాణం, గెలాక్సీలు, టెలిస్కోప్ డేటాను కంప్యూటర్ మీద విడగొట్టడం వంటివి రెండేళ్ల ముందే చేతికి వస్తాయి. పీహెచ్‌డీకి వెళ్తే ఆ పిల్ల కొంత ముందుంటుంది. ఫిజిక్స్ చదివితే ఆ అనుభవం ఆలస్యమవుతుంది కానీ దారులు ఎక్కువ: లెక్చరర్ ఉద్యోగం, ఎలక్ట్రానిక్స్, మెటీరియల్స్, తర్వాత కావాలంటే ఖగోళం. నా మొగ్గు రెండోవైపే. కారణం కూడా పెద్దదేం కాదు, ఫిజిక్స్ పట్టాతో ఆస్ట్రానమీలోకి వెళ్లడం మామూలే, ఆస్ట్రానమీ పట్టాతో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పోస్టుకు అప్లై చేసేటప్పుడు మాత్రం నోటిఫికేషన్‌ను రెండుసార్లు చదువుకోవాలి.

దీనికి మన దగ్గరి ఉదాహరణ ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. తండ్రి హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బప్పు ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగినా ఇక్కడ చేసిన ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లోనే. ఆ తర్వాత హార్వర్డ్‌కు వెళ్లి పీహెచ్‌డీ చేశారు. 1949లో అక్కడ ఆయన గుర్తించిన తోకచుక్కకు ఆయన పేరు కూడా ఉంది.

కాలేజీ డార్క్ రూమ్ నుంచి నక్షత్రం దాకా

ఫిజిక్స్ చదివితే చుక్కలు ఎలా వస్తాయని ఆ అమ్మాయి అడిగింది. కాంతిని విడగొట్టి చూసే స్పెక్ట్రోమీటర్ ప్రయోగం చేశావు కదా అన్నాను. డార్క్ రూమ్‌లో సోడియం దీపం ముందు కూర్చోకుండా బయటికొచ్చిన బీఎస్సీ ఫిజిక్స్ విద్యార్థి ఉండరు. స్విచ్ వేయగానే ఆ దీపం పసుపు ఇవ్వదు. ముందు ఎర్రగా మిణుకుమంటుంది, కాసేపు కాచుకుంటే నిండు పసుపుకు తిరుగుతుంది. గ్రేటింగ్ (కాంతిని రంగులుగా విడగొట్టే సన్నగీతల పలక) పెట్టి, టెలిస్కోప్‌ను రెండో ఆర్డర్ దాకా తిప్పి, ఊపిరి బిగబట్టి చూస్తే ఆ ఒక్క పసుపు గీత రెండుగా విడిపోతుంది. ఒకటి 589.0 నానోమీటర్లు, ఇంకోటి 589.6.

సూర్యకాంతిని అలాగే విడగొడితే సరిగ్గా ఆ రెండు చోట్ల నల్ల గీతలుంటాయి. సూర్యుడి పై పొరల్లోని సోడియం ఆ కాంతిని మింగేసిందన్నమాట. ఇప్పుడు ఏదో దూరపు నక్షత్రంలో 589.0 దగ్గర ఉండాల్సిన గీత 589.2 దగ్గర కనిపించిందనుకుందాం. నక్షత్రం కదులుతుంటే గీత ఇలా పక్కకు జరుగుతుంది, డాప్లర్ ప్రభావం అంటే ఇదే. జరిగిన దూరం 0.2 నానోమీటర్లు. దాన్ని 589తో భాగిస్తే దాదాపు 0.00034. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లతో గుణిస్తే 102. అంటే ఆ నక్షత్రం మన నుంచి సెకనుకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో దూరంగా పోతోంది. ఇందులో వాడిన ఆప్టిక్స్, పరమాణు భౌతికశాస్త్రం, డాప్లర్ ప్రభావం మూడూ ఫిజిక్స్ సిలబస్‌లోవే. అందుకే చాలా చోట్ల ఆస్ట్రానమీ ఎమ్మెస్సీకి ప్రవేశ అర్హత దగ్గర 'డిగ్రీలో ఫిజిక్స్, మ్యాథ్స్' అనే మాట కనిపిస్తుంది.

మూడు పరీక్షలు, మూడు రకాల గుడ్డి లెక్క

మన రాష్ట్ర యూనివర్సిటీల్లో చేరాలంటే సీపీగెట్. దాన్ని ఉస్మానియా నిర్వహిస్తుంది, మహాత్మాగాంధీ, పాలమూరు సీట్లు కూడా అందులోవే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ. ఐఐటీలకు, కౌన్సెలింగ్ ద్వారా ఎన్‌ఐటీలకు జామ్. బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా జామ్ స్కోరే దారి.

మూడింటికీ సిలబస్ దాదాపు ఒకటే, బీఎస్సీ ఫిజిక్స్. స్వభావం మాత్రం వేరు. సీపీగెట్‌లో 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. సీయూఈటీ పీజీలో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు ఒకటి కోత. జామ్‌లో 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 30 మాత్రమే మామూలు నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు. వాటిలో తప్పుకు మూడో వంతు కోత. మరో పదింటికి ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండొచ్చు. చివరి ఇరవైకి ఆప్షన్లే ఉండవు, అంకె వేయాల్సిందే.

దీని ప్రభావం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. ఒక విద్యార్థి ఏమీ తెలియని 30 ప్రశ్నలకు కళ్లు మూసుకుని జవాబులు పెట్టాడనుకోండి. నాలుగింట ఒకటి తగులుతుంది. సీపీగెట్‌లో సగటున 7.5 మార్కులు వస్తాయి, వందకు. సీయూఈటీలో నాలుగు ప్రశ్నలకు ఒక ఒప్పు, మూడు తప్పులు, అంటే 4 లోంచి 3 పోతే 1 మిగులుతుంది. 30 ప్రశ్నలకు అవే 7.5, కానీ 300కు. జామ్‌లో ఒక మార్కు ప్రశ్నలైతే ఒక ఒప్పుకు 1, మూడు తప్పులకు మూడు మూడో వంతులు కోత, మిగిలేది సున్నా. ఒకే విద్యార్థికి సీపీగెట్‌లో మంచి ర్యాంకు వచ్చి జామ్‌లో తేలకపోవడానికి తెలివి తక్కువ కారణం కానక్కర్లేదు. పరీక్ష అడిగే తీరు కూడా కారణమే.

బీఎస్సీలో ఎంపీసీ బదులు మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ చదివినవాళ్లు 'మాకు కెమిస్ట్రీ లేదు కదా, అర్హత ఉందా' అని టెన్షన్ పడుతుంటారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కు సాధారణంగా చూసేది డిగ్రీలో ఫిజిక్స్ ప్రధాన సబ్జెక్టుగా ఉందా, మ్యాథ్స్ చదివారా అన్నవే. యూజీసీ 2024 పీజీ చట్రం ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రవేశ పరీక్షలో నెగ్గితే డిగ్రీ సబ్జెక్టు వేరైనా పీజీలోకి రానివ్వొచ్చు అంది. అది యూనివర్సిటీలకు ఇచ్చిన వెసులుబాటు. ఏ యూనివర్సిటీ దాన్ని ఎంతవరకు వాడుకుందన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే ఉంటుంది.

క్రెడిట్ అంటే ఒక కొలపాత్ర

చేరాక పట్టా రావాలంటే ఇన్ని క్రెడిట్లు పూర్తి చేయాలంటారు. క్రెడిట్ అనే మాట చాలామందికి మార్కులాగా వినిపిస్తుంది. అది పని కొలత. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టర్ పొడవునా, అంటే సుమారు 15 వారాలు పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబ్‌లో అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్.

ఒక సెమిస్టర్‌లో 4 క్రెడిట్ల థియరీ పేపర్లు నాలుగు, 2 క్రెడిట్ల ల్యాబులు రెండు ఉన్నాయనుకుందాం. థియరీ 16, ల్యాబ్ 4, మొత్తం 20. నాలుగు సెమిస్టర్లకు 80. జాతీయ క్రెడిట్ చట్రం ఏడాదికి 40 అన్నది ఈ లెక్కకే సరిపోతుంది. కొన్ని యూనివర్సిటీలు ఇంతకంటే ఎక్కువ పెడతాయి. గంటల్లో చూస్తే థియరీ 16, ల్యాబ్ 8, వారానికి 24 గంటలు తరగతిలోనే. మిర్యాలగూడ నుంచో నాగర్‌కర్నూల్ నుంచో రోజూ బస్సులో వచ్చి పోదామనుకునే వాళ్లు ఈ అంకెకు ప్రయాణం గంటలు కూడా కలుపుకోవాలి.

గ్రేడ్ల సగటులో కూడా ఈ క్రెడిట్లే తూకం రాళ్లు. థియరీలో గ్రేడ్ పాయింట్లు 8, 7, 6, 9 వచ్చాయి, ల్యాబుల్లో 10, 9. థియరీ మొత్తం 30ని 4తో గుణిస్తే 120. ల్యాబ్ 19ని 2తో గుణిస్తే 38. మొత్తం 158ని 20తో భాగిస్తే 7.9. ఆ 6 వచ్చిన పేపర్‌ను 9కి తెచ్చుకుంటే సగటు 0.6 పెరుగుతుంది. ల్యాబ్‌లో అదే మూడు పాయింట్ల తేడా అయితే 0.3 మాత్రమే. 'ల్యాబ్ మార్కులు లాగేస్తాయిలే' అనే నమ్మకం సగమే నిజం.

ఆ 6 వచ్చే పేపర్ ఏది?

ఏ దేశంలో చూసినా ఫిజిక్స్ మాస్టర్స్‌కు నాలుగు స్తంభాలుంటాయి: క్లాసికల్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్. వీటికి ముందు మెట్టుగా మ్యాథమెటికల్ ఫిజిక్స్. మన దగ్గర వీటితోపాటు సాలిడ్ స్టేట్, న్యూక్లియర్, స్పెక్ట్రోస్కోపీ, ఎలక్ట్రానిక్స్ వస్తాయి. తర్వాత స్పెషలైజేషన్.

మన పిల్లలు ఎక్కువగా జారేది క్వాంటమ్ దగ్గర అనుకుంటారు. నేను చూసినంతలో జారుడు అంతకుముందే, గణితం దగ్గరే మొదలవుతుంది. డిగ్రీలో మాట్రిక్స్‌ను మ్యాథ్స్ సారు చెబుతారు, ష్రోడింగర్ సమీకరణాన్ని ఫిజిక్స్ సారు చెబుతారు. ఎమ్మెస్సీ మొదటి నెలలోనే ఆ రెండూ ఒకటేనని బోర్డు మీద రాసేస్తారు. నేను చేరిన మొదటి వారంలో లెక్చరర్ 'ఐగెన్ వాల్యూ' అంటే అదేదో సైంటిస్టు పేరనుకుని నోట్సులో ఐగెన్ గారి పుట్టిన ఏడాదికి ఖాళీ వదిలాను. జర్మన్‌లో ఆ మాటకు 'సొంత' అని అర్థమట, నాకది తెలిసేసరికి దసరా సెలవులు వచ్చాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లిష్ అడ్డం అవుతుందన్నది నిజమే కానీ అది ఒక సెమిస్టర్‌లో సర్దుకుంటుంది. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు బట్టీపట్టి పాసైన లోటు అలా సర్దుకోదు.

ఆస్ట్రానమీ పట్టాకు ఈ నాలుగు స్తంభాల్లో ఒకటి రెండు కుదించి, వాటి స్థానంలో రేడియేటివ్ ప్రాసెసెస్, నక్షత్రాల నిర్మాణం, గెలాక్సీలు, కాస్మాలజీ, పరిశీలన పద్ధతులు పెడతారు. ప్రోగ్రామింగ్ దాదాపు తప్పనిసరి. లద్దాఖ్‌లోని హాన్లేలో ఉన్న 2 మీటర్ల టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి శాటిలైట్ లింక్‌తో నడుపుతారు. రాత్రంతా కళ్లు నొప్పి పుట్టేలా టెలిస్కోప్‌లోకి చూడటం ఈ చదువులో చాలా తక్కువ.

చూడదగ్గ చోటు మన పక్కనే ఒకటి ఉంది, ఇబ్రహీంపట్నం దాటాక జాపాల్–రంగాపూర్ దగ్గర. ఉస్మానియా అక్కడ 48 అంగుళాల టెలిస్కోప్ పెట్టింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా దాని మీదుగా వెళ్లింది. ఆ రోజు మా ఊళ్లో తలుపులు వేసుకుని కూర్చున్నామని పెద్దవాళ్లు చెబుతారు, అదే సమయంలో శాస్త్రవేత్తలు ఆ గుట్ట మీద పరికరాలు బిగించుకుని ఉన్నారు. తర్వాత నగరం అటువైపు పెరిగింది. నగరం వెలుతురు పెరిగితే చుక్కలకు చీకటి మిగలదు.

ప్రాజెక్టు ఉండాలా, పేపర్లు చాలా?

యూజీసీ 2024 చట్రం రెండో ఏడాదికి మూడు దారులు చూపింది. రెండు సెమిస్టర్లూ పాఠాలే, ఒక సెమిస్టర్ పాఠాలు ఒకటి పరిశోధన, లేదా రెండూ పరిశోధనే. అమెరికాలో ఇదే విభజనను థీసిస్, నాన్ థీసిస్ అంటారు.

పాఠాలే మేలనే వాళ్ల వాదన కొట్టేయదగ్గది కాదు. లెక్చరర్ కావాలనుకునే పిల్లకు కోర్ పేపర్లు గట్టిపడటమే ముఖ్యం, లెక్చరర్ అర్హత పరీక్ష అయిన సీఎస్‌ఐఆర్ నెట్‌లో అడిగేవి కూడా అవే. గైడ్‌కు తీరిక, ల్యాబ్‌కు పరికరం లేని చోట ప్రాజెక్టు అంటే ఎవరిదో పాత రిపోర్టుకు కొత్త అట్ట వేసి స్పైరల్ బైండింగ్ చేయించడమే అవుతుంది. ప్రాజెక్టు కావాలనేవాళ్లు చెప్పేది మరొకటి. జవాబు ముందే తెలియని ప్రశ్నతో మూడు నెలలు కుస్తీ పడితేనే పరిశోధన తనకు పడుతుందో లేదో తేలుతుంది, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో మొదట అడిగేదీ దాని గురించే. ఖగోళంలో ఈ వాదనకు బలం ఎక్కువ, ఎందుకంటే పెద్ద టెలిస్కోపుల పాత డేటా చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. మహాత్మాగాంధీ యూనివర్సిటీ అన్నెపర్తి క్యాంపస్‌లో కూర్చున్నా, పాలమూరు యూనివర్సిటీ బండమీదిపల్లి క్యాంపస్‌లో కూర్చున్నా ల్యాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే నిజమైన నక్షత్రం డేటా మీద పని చేయొచ్చు. క్రయోస్టాట్ (అతి చల్లదనాన్ని నిలిపి ఉంచే పరికరం) కావాల్సిన ప్రాజెక్టుకు ఆ సౌకర్యం లేదు.

ఏడాది పీజీ ఎవరికి?

వాట్సాప్‌లో తిరుగుతున్న 'ఇకపై పీజీ ఒక్క ఏడాదే' అన్న మాటకు మూలం ఆ యూజీసీ చట్రమే. కానీ అందులో ఉన్నది ఇది: నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ చేసినవాళ్లకు ఏడాది పీజీ, మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు రెండేళ్ల పీజీ. ఎటు చూసినా ఇంటర్ తర్వాత ఐదేళ్లే. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది తర్వాత ఆపేస్తే పీజీ డిప్లొమా ఇవ్వొచ్చు, దాన్ని ఎమ్మెస్సీ అనుకోకూడదు. దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి) ద్వారా మామూలు మూడేళ్ల బీఎస్సీలో చేరి బయటికొచ్చిన మన పిల్లలకు లెక్క మారలేదు, రెండేళ్లే.

ఇంకో మెలిక ఉంది. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం, ఆపైన వస్తే ఎమ్మెస్సీ లేకుండానే పీహెచ్‌డీకి పోటీ పడే వీలు యూజీసీ కల్పించింది. అలాంటప్పుడు ఎమ్మెస్సీ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. నాలుగో ఏడాదిలో గట్టి బోధన, పరిశోధన దొరికే కాలేజీలో అది నడుస్తుంది. అలా కాని చోట ఎలక్ట్రోడైనమిక్స్‌ను ఒక్కసారి కూడా పూర్తిగా చదవకుండా పీహెచ్‌డీ కోర్స్‌వర్క్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

80, 120, 180, 30: నాలుగూ ఒకటేనా?

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లను తికమక పెట్టేది ఈ అంకెలు. మన దగ్గర ఎమ్మెస్సీకి 80 క్రెడిట్లు అనుకున్నాం, జర్మనీలో మాస్టర్స్‌కు 120 క్రెడిట్లు, బ్రిటన్‌లో 180, అమెరికాలో సాధారణంగా 30. ఒకరి శేరు, ఇంకొకరి మానిక, మరొకరి తవ్వ. గింజలు పోల్చాలంటే పాత్ర కొలత ముందు తెలియాలి.

యూరప్ క్రెడిట్ ఒక్కటి అంటే ఇంటి చదువు కూడా కలిపి 25 నుంచి 30 గంటల పని. 120 అంటే 3000 నుంచి 3600 గంటలు, రెండేళ్లు. బ్రిటన్ క్రెడిట్ 10 గంటలు, 180 అంటే 1800 గంటలు, ఒక ఏడాది. అంకె పెద్దది, చదువు చిన్నది. అమెరికాలో 3 క్రెడిట్ల కోర్సులు పది చేస్తే 30, లేదా ఎనిమిది కోర్సులు, ఆరు క్రెడిట్ల థీసిస్. దాంతోపాటు సగటు 'బి' గ్రేడ్ తగ్గకూడదు, చాలా చోట్ల చివర ఒక సమగ్ర పరీక్ష కూడా ఉంటుంది.

అమెరికాలో ఫిజిక్స్ విభాగాలు ఎక్కువగా పీహెచ్‌డీకే మనుషుల్ని తీసుకుంటాయి. ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్ జీతం దొరికేది కూడా ప్రధానంగా వాళ్లకే. మాస్టర్స్ పట్టా ఆ దారి మధ్యలో ఇచ్చేస్తారు. మన మూడేళ్ల బీఎస్సీని నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా ఒప్పుకోని యూనివర్సిటీలు కూడా ఉన్నాయి కాబట్టి, ఇక్కడ ఎమ్మెస్సీ చేసి నేరుగా అక్కడ పీహెచ్‌డీకి అప్లై చేయడం మనవాళ్లలో పాత అలవాటు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు కానీ మన సర్టిఫికెట్లకు ఏపీఎస్ అనే పరిశీలన పత్రం ముందుగా తెచ్చుకోవాలి.

పాస్ వేరు, 55 శాతం వేరు

ఎమ్మెస్సీ పాసైతే పట్టా వస్తుంది. సీఎస్‌ఐఆర్ నెట్ రాయాలన్నా, అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలన్నా ఎమ్మెస్సీలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు, క్రీమీలేయర్ కాని ఓబీసీలకు 50. 'ఎలాగోలా గట్టెక్కాను' అని 52 శాతంతో బయటపడ్డ జనరల్ కేటగిరీ విద్యార్థికి ఈ గీత ఆ తర్వాతే కనిపిస్తుంది. సీజీపీఏను శాతంగా మార్చే సూత్రం కూడా యూనివర్సిటీకో రకంగా ఉంటుంది, దాన్ని మెమో వెనకవైపు చిన్న అక్షరాల్లో వేస్తుంటారు. నెట్ ఫిజికల్ సైన్సెస్‌లో 200 మార్కులు. అందులో సాధారణ ప్రశ్నలకు 30, మిగతా 170 ఫిజిక్స్‌కు, అందులోనూ మళ్లీ ఆ నాలుగు స్తంభాలు ఉంటాయి.

ఇదంతా అక్కడ నిలబడి చెప్పలేదు. సీపీగెట్‌కు ఫిజిక్స్ పెట్టమన్నాను, జామ్, సీయూఈటీ నోటిఫికేషన్లు ఎప్పుడెప్పుడు వస్తాయో మెమో జిరాక్స్ వెనక రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "అయితే చుక్కలు రెండేండ్ల తర్వాతనే అన్నట్టు" అన్నాడు కూతురితో. "మొదటి సెమ్‌లో కూడా ఉంటయి నాన్నా, స్పెక్ట్రోమీటర్‌ల" అంది ఆ అమ్మాయి.